ఇరవై మూడు ఎత్తులకు కాస్త చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మీ క్రీడా పేజీలో చదరంగం వార్తలు ఈమధ్య బాగా పెరిగాయి. హంపి, హారిక, హరికృష్ణ, అర్జున్ ఎక్కడ ఆడినా తెల్లారేసరికి ఫలితం తెలిసిపోతోంది. సంతోషమే. అయితే వార్త ఎప్పుడూ ఒకే మూసలో ఉంటోంది. నల్లపావులతో ఆడాడు, ఇన్ని ఎత్తుల్లో గెలిచాడు, ఇన్ని పాయింట్లతో ఫలానా స్థానంలో ఉన్నాడు. మహా అయితే ఓపెనింగ్ (ఆట ఆరంభపు ఎత్తుల వరుస) పేరు ఒకటి తగిలిస్తారు. స్కోర్‌కార్డు లేకుండా క్రికెట్ మ్యాచ్ వార్త వేస్తే పాఠకులు మీ ఆఫీసుకు ఫోన్లు చేస్తారు. చదరంగానికి స్కోర్‌కార్డు అంటే ఎత్తుల పట్టికే. అది లేకపోతే "మెరాన్ ఆడి గెలిచాడు" అన్న వాక్యం ఆట తెలియనివాడికీ అర్థం కాదు, తెలిసినవాడికీ పనికిరాదు.

చోటు చాలదంటారేమో. మామూలు ఆట పట్టిక ఒక కాలమ్‌లో పాతిక ముప్పై వరుసలకు మించదు, చిన్న ఆటైతే ఇంకా తక్కువ. నమూనాగా ఒక ఆట కింద ఇస్తున్నాను. 2013 జనవరిలో నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీ అనే సముద్రతీర గ్రామంలో టాటా స్టీల్ టోర్నమెంట్ నాలుగో రౌండులో ఆడినది. తెల్లపావులు ఆర్మేనియా గ్రాండ్‌మాస్టర్ లెవాన్ అరోనియన్‌వి, నల్లపావులు అప్పటి ప్రపంచ చాంపియన్ విశ్వనాథన్ ఆనంద్‌వి. మన గుంటూరు హరికృష్ణ అంతకుముందు ఏడాది బి గ్రూపు గెలిచి, ఈసారి అదే ఎ గ్రూపులో ఆడుతున్నాడు.

1. డి4 డి5 2. సి4 సి6 3. గు ఎఫ్3 గు ఎఫ్6 4. గు సి3 ఇ6 5. ఇ3 గు(బి) డి7 6. శ డి3 డి×సి4 7. శ×సి4 బి5 8. శ డి3 శ డి6 9. 0–0 0–0 10. మం సి2 శ బి7 11. ఎ3 ఏను సి8 12. గు జి5 సి5 13. గు×హెచ్7 గు జి4 14. ఎఫ్4 సి×డి4 15. ఇ×డి4 శ సి5 16. శ ఇ2 గు(డి) ఇ5 17. శ×జి4 శ×డి4+ 18. రా హెచ్1 గు×జి4 19. గు×ఎఫ్8 ఎఫ్5 20. గు జి6 మం ఎఫ్6 21. హెచ్3 మం×జి6 22. మం ఇ2 మం హెచ్5 23. మం డి3 శ ఇ3. తెల్ల ఓటమి ఒప్పుకుంది.

ముందు రాసే పద్ధతి గురించి, ఎందుకంటే అచ్చులో చిక్కులన్నీ అక్కడే వస్తాయి. పావు పేరుకు ఎవరి దేశంలో వాడే మాట నుంచి వాళ్ళు పొడి అక్షరం తీసుకోవచ్చని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య నిబంధనల్లోనే ఉంది. ఫ్రెంచివాళ్ళు 'ఫూ' నుంచి, డచ్చివాళ్ళు 'లోపర్' నుంచి తీసుకుంటారు. ఆ రెండూ మన శకటుకు వాళ్ళు పెట్టుకున్న పేర్లే. (ఫూ అంటే పిచ్చివాడు. మనం బండి అన్నాం, హైదరాబాదు వైపు ఒంటె అంటారు. ఒకే పావుకు ఎన్ని అవతారాలో!) మనకూ ఆ వీలుంది. కాకపోతే తెలుగులో పెద్దబడి, చిన్నబడి (క్యాపిటల్, స్మాల్) అక్షరాలు లేవు. బిషప్ అనే మాట నుంచి 'బి' తీసుకుంటే అది బి నిలువు వరుసతో కలిసిపోతుంది. అందుకే పాతమాట శకటే మేలు, 'శ' అని రాస్తే గందరగోళం ఉండదు. ఏనుగుకు ఒక్క 'ఏ' అని రాసినా ఇబ్బందే, ఎ వరుసకూ దానికీ తేడా దీర్ఘం ఒక్కటే. ప్రూఫు చూసేటప్పుడు మొదట జారిపోయేది అదే. అందుకని 'ఏను'. మంత్రికి మం, గుర్రానికి గు, రాజుకు రా. బంటుకు ఏ అక్షరమూ అక్కర్లేదు, అది వెళ్ళిన గడి పేరు చాలు. గడి పేరంటే నిలువు వరుస అక్షరం (ఎ నుంచి హెచ్), అడ్డువరుస అంకె (1 నుంచి 8). × అంటే కొట్టడం, + అంటే చెక్, 0–0 అంటే రాజు, ఏనుగు ఒకే ఎత్తులో జరిగే కాస్లింగ్. మంత్రి అంటారో రాణి అంటారో మీ ఇష్టం, కానీ ఒకే వార్తలో మొదటి పేరాలో రాణి, రెండో పేరాలో మంత్రి ఉంటే చదివేవాడు రెండు పావులనుకుంటాడు.

రెండో చిక్కు, ఒకే గడికి రెండు గుర్రాలు రాగలిగినప్పుడు. ఈ ఆటలోనే రెండుసార్లు వచ్చింది. ఐదో ఎత్తులో డి7కు బి8 గుర్రమూ రాగలదు, ఎఫ్6 గుర్రమూ రాగలదు. పదహారో ఎత్తులో ఇ5కు డి7 గుర్రమూ జి4 గుర్రమూ రాగలవు. బ్రాకెట్లో ఆ వరుస పేరు వదిలేసి "గు ఇ5" అని అచ్చేస్తే పాఠకుడు జి4 గుర్రాన్ని వెనక్కి లాగుతాడు. ఆ మరుసటి ఎత్తే తెల్ల శకటు జి4లో దేన్నో కొట్టినట్టు రాసి ఉంటుంది, బల్ల మీద చూస్తే ఆ గడి ఖాళీ. అక్కడితో బల్ల మూసేస్తాడు. ఒక్క అక్షరం పోతే ఆటంతా పోయినట్టే.

ఇక ఓపెనింగ్. మెరాన్ అన్నది ఇటలీ ఉత్తరాన ఉన్న ఒక ఊరి పేరు. అక్కడ 1924 టోర్నమెంటులో అకిబా రూబిన్‌స్టీన్ ఎర్నెస్ట్ గ్రూన్‌ఫెల్డ్ మీద నల్లపావులతో ఈ పద్ధతి ఆడి గెలిచాడు, పేరు నిలిచిపోయింది. సెమీ స్లావ్ అనే పెద్ద కుటుంబంలో ఇదొక కొమ్మ.

పిల్లలకు దీన్ని పన్నెండు ఎత్తుల పాఠంగా వల్లె వేయిస్తున్నారు. వల్లె వేసిన పిల్లవాడిని "ఆరో ఎత్తులోనే సి4 బంటును ఎందుకు కొట్టావు, నాలుగో ఎత్తులో ఎందుకు కొట్టలేదు" అని అడిగితే నోరు తెరవడు. జవాబు చాలా చిన్నది. తెల్ల శకటు ఎఫ్1లో ఉండగానే కొడితే అది ఒక్క అంగలో సి4కు వచ్చి బంటును తింటుంది. డి3కు వచ్చేదాకా ఆగి కొడితే సి4కు రావడానికి రెండో ఎత్తు ఖర్చు పెట్టాలి. నల్లవారికి ఒక ఎత్తు కలిసొచ్చింది. వెంటనే బి5 తోసి శకటును తరిమితే ఇంకొకటి. మెరాన్ అంతా ఈ బేరమే: మధ్యలో డి5 బంటును వదులుకుని కాలం కొనుక్కోవడం.

కొన్న కాలాన్ని దేనికి ఖర్చు పెట్టాలి? సి5కు. బి5 తోశాక సి6 బంటు వెనకబడి ఉంటుంది, బి7కు వచ్చే శకటుకు అదే అడ్డుగోడ. సి6 బంటు సి5కు వెళ్ళిందా, శకటుకు జి2 దాకా దారి తెరుచుకుంటుంది. వెళ్ళకపోతే నల్లవారు ఆట పొడుగునా ఆ గోడ వెనక మగ్గాల్సిందే. పాత మెరాన్‌లో ఎనిమిదో ఎత్తుకు ఎ6 ఆడి, బి5 బంటుకు కాపు పెట్టి, అప్పుడు సి5 తోసేవారు. ఆనంద్ ఎ6 ఆడలేదు. శకటును డి6కు, రెండోదాన్ని బి7కు, ఏనుగును సి8కు తెచ్చి, బి5కు కాపు లేకుండానే సి5 తోశాడు. ఏనుగు సి8కు వచ్చింది ఊరికే కాదు, అదే నిలువు వరుసలో సి2లో తెల్ల మంత్రి ఉంది. తెల్లవారి పదకొండో ఎత్తు ఎ3 చూడండి, దాని వెనక బి4 ఉంది. బి4 పడితే సి5 గడి మీద తాళం పడినట్టే. అందుకే నల్లవారికి తొందర.

పన్నెండో ఎత్తులో అరోనియన్ బి4 మానేసి గుర్రాన్ని జి5కు దూకించాడు. డి3 శకటు, సి2 మంత్రి, జి5 గుర్రం, మూడూ హెచ్7 మీదే గురిపెట్టాయి, రాజు కాక కాపలా ఉన్నది ఎఫ్6 గుర్రం ఒక్కటే. ఇక్కడ చేతికి తోచేది హెచ్6 తోసి గుర్రాన్ని తరమడం. ఆనంద్ హెచ్7ను పట్టించుకోకుండా సి5 ఆడాడు. గుర్రం హెచ్7 బంటును తిని, అక్కడి నుంచి ఎఫ్8 ఏనుగు మీద కూడా కన్నేసింది. దాన్ని తిరిగి కొడితే తెల్ల శకటు చెక్ ఇస్తూ హెచ్7లో కొడుతుంది, బంటు ఉత్తపుణ్యానికి పోతుంది. కాబట్టి కొట్టలేదు. కాపలా గుర్రమే జి4కు వెళ్ళి హెచ్2 మీద పడింది.

ఈ ఆటలో పిల్లలకు చూపాల్సిన గడి ఏదంటే నేను పద్నాలుగో ఎత్తు దగ్గర వేలు పెడతాను. డి6 శకటు, జి4 గుర్రం రెండూ హెచ్2 మీద ఉన్నాయి. తెల్లవారు ఎఫ్4 తోసి శకటు ఐమూల (మూలవాటు) దారికి అడ్డం పెట్టారు. చూడ్డానికి సబబైన ఎత్తే. కానీ ఎఫ్2లోని బంటు పైకి వెళ్ళిపోయింది, దాని వెనక జి1లో రాజు ఉన్నాడు. ఒక ఐమూల మూసుకుంటే ఇంకో ఐమూల తెరుచుకుంది. నల్లవారు డి4లో బంట్లు మార్చుకుని, శకటును డి6 నుంచి సి5కు జరిపారు. ఒకే ఒక్క గడి. అదే శకటు, అదే రాజు, దారి మాత్రం వేరు. సి5 నుంచి డి4, ఇ3, ఎఫ్2, జి1. మధ్యలో డి4 బంటు ఒక్కటే అడ్డం.

ఆ శకటును డి4 బంటుతో తినేయవచ్చు కదా అంటారు. డి×సి5 అంటే డి7 గుర్రం సి5లో కొట్టి డి3 శకటు మీద పడుతుంది, దానితోపాటే డి వరుస నల్ల మంత్రికి తెరుచుకుంటుంది. శకటు ఇ2కు తప్పుకుంటే మంత్రి డి4 చెక్, రాజు హెచ్1, గుర్రం ఎఫ్2 చెక్. ఏనుగును సమర్పించుకోవాలి. పోనీ రాజు జి1కు వెళితే గుర్రం హెచ్3కు దూకి జంట చెక్ (గుర్రం, మంత్రి రెండూ ఒకేసారి), రాజు మళ్ళీ హెచ్1, మంత్రి జి1 చెక్, ఏనుగు తినక తప్పదు, గుర్రం ఎఫ్2 ఆటకట్టు. తన పావుల మధ్యే ఊపిరాడక పోతాడు రాజు.

అరోనియన్ ముందే శకటును ఇ2కు లాగి జి4 గుర్రాన్ని బెదిరించాడు. అప్పుడు పడింది పదహారో ఎత్తు: డి7 గుర్రం ఇ5కు. నల్లవారి ఏనుగు కొట్టుడులో ఉంది, సి5 శకటు కొట్టుడులో ఉంది, జి4 గుర్రం కొట్టుడులో ఉంది, ఇప్పుడు ఇ5 గుర్రాన్నీ ఎఫ్4 బంటు నోటి ముందు పెట్టారు. తింటే? ఎఫ్×ఇ5, మంత్రి×డి4 చెక్, రాజు హెచ్1, మంత్రి జి1 చెక్. ఈసారి మంత్రికి కాపు సి5 శకటు, రాజు తినలేడు. ఏనుగు×జి1, గుర్రం ఎఫ్2 ఆటకట్టు. సి2లోని తెల్ల మంత్రి ఆ గుర్రాన్ని కొట్టాల్సింది, కానీ అడ్డంగా ఇ2లో తన శకటే కూర్చుంది. ఒక ఎత్తు ముందు గుర్రాన్ని తరమడానికి వచ్చిన శకటే ఇప్పుడు సొంత మంత్రి దారి మూసేసింది. డి7 నుంచి గుర్రం లేవడంతో డి8 మంత్రికి డి4 దాకా దారి దొరికిన సంగతి కూడా పిల్లలు గమనించాలి. చాలామంది గుర్రం ఎక్కడికి వెళ్ళిందో చూస్తారు, ఏ గడి ఖాళీ చేసిందో చూడరు.

పదిహేడో ఎత్తులో వరుస తప్పితే అంతా తారుమారు. తెల్ల శకటు జి4లో గుర్రాన్ని తింది. నల్లవారు ముందు డి4లో చెక్ ఇచ్చి, ఆ తర్వాతే జి4లో తిన్నారు. తిరగేసి ముందు జి4లో తింటే తెల్లవారు డి×సి5 అని శకటును తినేస్తారు. ఇప్పుడు ఇ2 ఖాళీ కాబట్టి వాళ్ళ మంత్రి ఎఫ్2ను కాచుకోగలదు, చెక్‌లు ఎక్కడికీ దారితీయవు.

ఆటలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది, ఎవరూ పెద్దగా చెప్పుకోని పంతొమ్మిదో ఎత్తు. తెల్ల గుర్రం ఎఫ్8లో ఏనుగును తినేసింది. లెక్క కడితే నల్లవారు నిండా ఒక ఏనుగు తక్కువ. ఇలాంటప్పుడు అందరి చెయ్యీ మంత్రిని హెచ్4కు విసరమంటుంది, హెచ్2 మీద ఆటకట్టు బెదిరింపు కదా! విసిరితే తెల్ల మంత్రి సి2 నుంచి నేరుగా హెచ్7కు వచ్చి చెక్ ఇస్తుంది. ఎఫ్8 గుర్రం దానికి కాపు, రాజు తినలేడు. మంత్రులు మారిపోతాయి, దాడి ఆవిరి. ఆనంద్ ఎఫ్7 బంటును రెండు గళ్ళు తోశాడు, అంతే. ఎఫ్5లో ఆ బంటు సి2 నుంచి హెచ్7కు వెళ్ళే దారిని కోసేసింది, జి4 గుర్రానికి కాపు కూడా అయింది. ఎఫ్8 గుర్రం ఎక్కడికీ పారిపోదు. అది ఇ6లో బంటును తింటే మంత్రి హెచ్4కు వస్తుంది, హెచ్3 తోస్తే మంత్రి జి3, ఆపైన హెచ్2లో ఆటకట్టు. జి4 గుర్రాన్ని బంటుతో తింటే మంత్రి తిరిగి హెచ్4కు వచ్చి ఆటకట్టు, జి1ను డి4 శకటు కాస్తోంది.

అందుకే అరోనియన్ గుర్రాన్ని జి6కు తెచ్చి హెచ్4కు కాపలా పెట్టాడు. మంత్రి ఎఫ్6కు వచ్చి ఆ కాపలాదారునే తినేసింది. తర్వాత మిగిలింది కొద్దే. ఇరవై రెండులో హెచ్×జి4 అంటే మంత్రి హెచ్6 ఆటకట్టు. మంత్రి హెచ్5కు వచ్చాక హెచ్3 బంటు రాజుకు కట్టుబడిపోయింది, జి4ను తినడం నిబంధన ప్రకారమే కుదరదు. జి2 బంటు అటు బి7 శకటుకు కట్టుబడి ఉంది. చివరికి తెల్ల మంత్రి డి3కు వచ్చి అడ్డువరుస మీదుగా హెచ్3ను కాస్తూ డి4 శకటు మీద పడింది. శకటు ఇ3కు జరిగి ఆ అడ్డువరుసనే తెంపేసింది. మంత్రి దాన్ని తింటే గుర్రం మంత్రిని తింటుంది. సి1 శకటు తింటే మంత్రి×హెచ్3 చెక్, రాజు జి1, జి2లో ఆటకట్టు.

బల్ల తీసేముందు ఎ1, సి1 గడులు చూడండి. ఏనుగు, శకటు మొదట పెట్టినచోటే ఉన్నాయి. ఇరవై మూడు ఎత్తుల్లో అవి కదలనే లేదు. లెక్కలో తెల్లవారు ముందున్నా బరిలో రెండు పావులు తక్కువ. ఐదో ఎత్తు ఇ3తో సి1 శకటును లోపల మూసేసుకున్న అప్పు అది. మెరాన్‌లో తెల్లవారు ఏదో ఒకనాడు ఇ4 తోసి ఆ అప్పు తీర్చాలి, ఇక్కడ తీరిక దొరకలేదు.

ఈ ఆట పక్కన ఇంకోటి వేయదగ్గది ఉంది. 1907లో ఇప్పటి పోలండ్‌లోని లోడ్జ్‌లో రోట్లేవి మీద రూబిన్‌స్టీన్ నల్లపావులతో ఆడినది. అక్కడా బి7లో ఒక శకటు, జి1 మీదికి చూస్తూ బి6లో ఇంకొకటి, జి4లో గుర్రం, సి8లో ఏనుగు. అక్కడా తెల్లవారు ఎఫ్4 తోసి ఆ ఐమూలను తామే తెరిచారు. అది 25 ఎత్తుల ఆట. మెరాన్‌కు పేరు తెచ్చినవాడూ, ఈ శకటుల జంట దాడికి దారి చూపినవాడూ ఒక్కడే కావడం యాదృచ్ఛికమో కాదో పాఠకులే బల్ల మీద పేర్చి చూసుకోవచ్చు. ఆనంద్‌కు మాత్రం ఈ ఓపెనింగ్ కొత్త కాదు. 2008లో జర్మనీలోని బాన్‌లో రష్యా ఆటగాడు క్రామ్నిక్‌తో ప్రపంచ టైటిల్ పోరులో మూడో ఆట, ఐదో ఆట నల్లపావులతో గెలిచింది మెరాన్‌లోనే.

శిక్షణ ఇచ్చేవారికి, తల్లిదండ్రులకు ఒక మాట. ఇలాంటి పట్టిక చేతికి వస్తే మొదటిసారి కంప్యూటర్ ఇంజిన్ పెట్టకండి. అది పక్కన గీత పైకీ కిందికీ జరిపి ఎవరు మెరుగో చెబుతుంది, ఎందుకో చెప్పదు. పిల్లలు గీతనే చూస్తారు. అసలు బల్ల మీద పావులు పేర్చి, నల్లవారి ఎత్తులు కాగితంతో మూసి, ఒక్కో ఎత్తుకు రెండు మూడు నిమిషాలిచ్చి చెప్పమనండి. తప్పు చెబితే సరిదిద్దకుండా ఆ తప్పునే ఆడించి, తెల్లవారి జవాబు వాళ్ళచేతే వెతికించండి. పంతొమ్మిదో ఎత్తులో మంత్రి హెచ్4 అన్న పిల్లవాడికి మంత్రి హెచ్7 చెక్ వాడే కనిపెడితే ఇక ఎప్పటికీ మరచిపోడు. ఇంజిన్ రెండోసారికి, అదీ అనుమానం ఉన్నచోటే.

మీకు చోటు మరీ తక్కువైతే పట్టికతోపాటు ఒకే బొమ్మ వేయండి. చాలామంది చివరి స్థితిని వేస్తారు, అక్కడ వెతకడానికి ఏమీ ఉండదు. ఈ ఆటకైతే తెల్ల గుర్రం ఎఫ్8లో ఏనుగును తిన్న క్షణం బొమ్మ వేసి, కింద "నల్లవారి ఎత్తు" అని రాసి, జవాబును వచ్చేవారానికి ఆపాలి. బొమ్మలో ఎ1 గడి నల్లగా, ఎడమచేతి కింది మూలన ఉండేట్టు ఒకసారి సరిచూడండి. బొమ్మ తిరగబడితే హెచ్7 కాస్తా ఎ2 అవుతుంది.

ఇట్లు,
ఒక చదరంగ శిక్షకుడు,
విజయవాడ